చెమట పట్టకముందే

సియాటిల్ నుంచి కారులో రెండున్నర గంటలు పోతే ప్యారడైజ్ అనే చోటు వస్తుంది. మౌంట్ రెయినియర్ కొండకు దక్షిణపు వాలులో, 5,400 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడ ఏడాదికి సగటున 640 అంగుళాల మంచు కురుస్తుంది. అంటే 16 మీటర్లు. 1971-72 చలికాలంలో ఏకంగా 1,122 అంగుళాలు కురిసి ప్రపంచ రికార్డు కొట్టింది. 1998-99లో ఆ రికార్డును బద్దలుకొట్టింది కూడా పరాయి కొండేమీ కాదు, అదే వాషింగ్టన్ రాష్ట్రంలోని మౌంట్ బేకర్.

ఇంత మంచుంటే చలి ఇంకెంతుంటుందో అని బెదిరిపోయి వెళ్లినవాళ్లకు థర్మామీటరు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. జనవరిలో పగలు సున్నాకు అటూ ఇటూ, రాత్రి మైనస్ 5, మైనస్ 6. లద్దాఖ్ వాళ్లు వింటే నవ్వుతారు. తిరకాసంతా అక్కడే ఉంది. పసిఫిక్ సముద్రం మీంచి తేమను మోసుకొచ్చే గాలి కాస్కేడ్ కొండలకు తగిలి కురిపించే మంచు పొడిపొడిగా రాలదు. బరువుగా, తడిగా ఉంటుంది. స్కీయింగ్ చేసేవాళ్లు దాన్ని ‘కాస్కేడ్ కాంక్రీట్’ అంటారు. ఒంటిమీద పడితే కరిగి బట్టల్లోకి ఇంకుతుంది. సాయంత్రానికి అదే గడ్డకడుతుంది. నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది కాబట్టి, మైనస్ 20లో పొడిగా ఉన్నవాడి కంటే సున్నా దగ్గర తడిసి ముద్దయినవాడి పరిస్థితే చాలాసార్లు అధ్వానం.

ఆ తడి ఆకాశం నుంచే రావాలని లేదు. సగం మన ఒంట్లోంచే వస్తుంది.

జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. తెలుగువాళ్లకది సంక్రాంతి వెళ్లిన వారం, ఒక్కో ఏడాది పండగ రోజులే. రెడ్‌మండ్, బెల్‌వ్యూ, బాతెల్‌లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే తెలుగు కుటుంబాలకు మూడు రోజుల సెలవు దొరికితే మంచు చూద్దామని మనసు పోవడం సహజం. వాళ్లలో కొందరు హైదరాబాద్‌లో ఉన్నప్పుడే ఉత్తరాఖండ్ వెళ్లి 12,500 అడుగుల కేదార్‌కంఠ ఎక్కినవాళ్లు. మంచులో టెంటు వాళ్లకు కొత్తేం కాదు. అయితే అక్కడ టెంట్లు మోసుకెళ్లే కంచరగాడిదలుంటాయి, ముందే వెళ్లి టెంటు వేసి వేడి టీ చేతికిచ్చే మనుషులుంటారు, బయల్దేరమనీ ఆగమనీ చెప్పే గైడు ఉంటాడు. రెయినియర్ మీద ఈ పనులన్నీ ఎవరివి వాళ్లే చేసుకోవాలి. సామాను ఎలాగోలా మోయొచ్చు. నిర్ణయాలు మోయడమే కష్టం.

మంచులో నిర్ణయాలన్నీ ఒక మూసలోవే. చెమట పట్టకముందే జాకెట్ విప్పాలి. చలి వేయకముందే తొడుక్కోవాలి. ఆకలి కాకముందే తినాలి, వేళ్లు మొద్దుబారకముందే గ్లవ్స్ మార్చాలి, చీకటి పడకముందే టెంటు లేవాలి. ఊళ్లో ఇవన్నీ అవసరం వచ్చాక చేసినా నడుస్తుంది. ఇక్కడ అవసరం వచ్చేసరికి ఆ పని చేసే చేతులే పనిచేయవు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమంటే ఏమిటో మంచులో ఒక పూట నడిస్తే ఒంటికి తెలుస్తుంది.

ఆగమని అడిగేదెవరు

పార్కింగ్ లాట్‌లో కారు దిగగానే గాలి ఈడ్చి కొడుతుంది. ఉన్న బట్టలన్నీ తొడుక్కోవాలనిపిస్తుంది. తొడుక్కుంటారు కూడా. అలాగే నడక మొదలుపెడితే పది నిమిషాల్లో లోపల ఆవిరి పుడుతుంది. వీపుకీ బ్యాగుకీ మధ్య బనియను తడుస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు అందుకే కాస్త చలిచలిగానే బయల్దేరతారు. ఒంటిని అంటుకుని సన్నటి ఊలు గానీ పాలియెస్టర్ గానీ, దాని మీద ఫ్లీస్, పైన గాలినీ తడినీ ఆపే షెల్ జాకెట్. నడిచేటప్పుడు ఫ్లీస్ సంచిలోనే ఉంటుంది. బాగా ఉబ్బిన జాకెట్‌ను ఆగినప్పుడే తీస్తారు, అది కూడా ఆగిన మరుక్షణమే, వణుకు కోసం ఎదురుచూడకుండా. నూలు బనియన్లు, జీన్సు ఇంట్లో ఉండాల్సినవి. నూలు నీళ్లు పీల్చుకుని ఆరనంటుంది. బాతు ఈకల జాకెట్ తేలికే, వెచ్చనే, కానీ తడిస్తే అప్పడంలా అణిగిపోతుంది. కాస్కేడ్స్ తడిలో సింథటిక్ దూది నింపిన జాకెట్‌నే నమ్ముకునేవాళ్లు అందుకే ఎక్కువ.

ఇదంతా ఏ దుకాణంలో అడిగినా చెబుతారు. దుకాణంలో చెప్పనిది ఒకటుంది. ఆరుగురు కలిసి నడుస్తున్నప్పుడు మొదటి పది నిమిషాలకే ఆరుగురికీ ఉక్కపోస్తుంది. ఆరుగురూ పక్కవాడు ఆగితే ఆగుదామనుకుంటారు. ముందు నడిచేవాడు వెనకవాళ్లు తనకంటే గట్టివాళ్లనుకుంటాడు. వెనకవాళ్లు ముందువాడి జోరు చూసి మొహమాటపడతారు. “అన్నా, ఒక్క నిమిషం ఆగు, జాకెట్ తీసేస్తా” అన్న మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. అరగంట తర్వాత ఎవరో ఒకరు అంటారు. అప్పటికి అందరి బనియన్లూ తడిసే ఉంటాయి.

దీనికి మందు మాటల్లో లేదు, గడియారంలో ఉంది. బయల్దేరిన పది నిమిషాలకు అందరూ ఆగి తీరాలని కారు దగ్గరే అనుకోవాలి. ఎవరికి అవసరం, ఎవరికి కాదు అన్న లెక్కే వద్దు. ఆ తర్వాత ప్రతి గంటకూ ఐదు నిమిషాలు ఆగి, రెండు గుక్కలు తాగి, ఒక ముక్క నమిలి కదలాలి. అడగాల్సిన పని లేకపోతే మొహమాటానికీ పని ఉండదు. మాటకారితనం నేర్పే శిక్షణల కంటే ఇలాంటి చిన్న కట్టుబాటే బృందాన్ని బాగా నడిపిస్తుంది.

కాళ్లకు తొడిగే తెప్పలు

నడుం లోతు మంచులో మామూలు బూట్లతో నడిస్తే ప్రతి అడుగూ గోతిలోంచి తీసుకోవాలి. బరువును ఎక్కువ మేర పరిచి మునగకుండా ఆపేదే స్నోషూ. కెనడా ఆదివాసీలు బూడిదరంగు బెరడుండే ఆష్ కర్రను ఆవిరిలో వంచి, పచ్చితోలు పట్టీలతో అల్లి వీటిని చేసుకునేవాళ్లు. యూరప్ నుంచి వచ్చినవాళ్లు వాళ్ల దగ్గరే నేర్చుకున్నారు. ఆ కర్ర స్నోషూలు చదునైన అడవికి చక్కగా సరిపోయేవి గానీ నిటారు వాలులో జారేవి. 1970లలో ఇదే వాషింగ్టన్ రాష్ట్రంలో ఎలెన్స్‌బర్గ్‌కు చెందిన ప్రేటర్ సోదరులు, జీన్, బిల్, కొండలకు తగ్గట్టు వాటిని మార్చారు. అల్యూమినియం చట్రం, బూటు తిరగడానికి గట్టి ఇరుసు, కింద లోహపు పళ్లు వచ్చాయి. ఇప్పుడు అద్దెకు దొరికేవి దాదాపు అన్నీ ఆ వంశంలోవే.

సైజు ఎంచుకునేటప్పుడు చాలామంది తమ బరువు మాత్రమే చెబుతారు. వీపు మీది మూటనూ కలపాలి. రాత్రి బస కోసం మోసే సామాను 15, 20 కిలోలు సులువుగా దాటుతుంది. పగటి షికారుకు సరిపోయిన 22 అంగుళాల జత ఆ మూటతో మునుగుతుంది, 25 గానీ 30 గానీ కావాలి. చేతికర్రలకు అడుగున వెడల్పాటి చక్రాలు ఉండాలి. బూటు పైనుంచి మోకాలి దాకా గెయిటర్లు కట్టుకుంటే మంచు లోపలికి దూరదు. ఇక నడక విషయానికొస్తే, కాళ్లు కాస్త ఎడం పెట్టి నడవడం పది నిమిషాల్లో అలవాటవుతుంది. వెనక్కి మాత్రం అడుగు వేయకూడదు. స్నోషూ తోక మంచులో గుచ్చుకుని వెల్లకిలా పడతారు. గుండ్రంగా తిరిగి రావాల్సిందే. తాజా మంచులో ముందు నడిచేవాడికే కష్టమంతా, దారి తొక్కేది అతనే. కొన్ని నిమిషాలకోసారి అతను పక్కకు తప్పుకుని వరస చివరికి రావాలి. గంటకు ఒక మైలు సాగితే బాగా నడిచినట్టే.

మొదటిసారి వచ్చేవాళ్లకు ప్యారడైజ్ కంటే కాస్త కిందనున్న నరాడా జలపాతం దగ్గర్నుంచి రిఫ్లెక్షన్ లేక్స్‌కు పోయే దారి బాగుంటుంది. ఒకవైపు ఒకటిన్నర మైళ్లు ఉంటుంది. చలికాలంలో మూసేసిన స్టీవెన్స్ కాన్యన్ రోడ్డు మీదే చాలా దూరం నడక. చెరువులు మంచు కింద ఉంటాయి గనక మైదానంలా కనిపిస్తాయి. మధ్యలోంచి అడ్డంగా పోవాలనిపిస్తుంది. పోకూడదు, కింద గడ్డ ఎంత మందం ఉందో చెప్పేవాళ్లు లేరు.

సున్నుండకూ ఒక జేబు

చలిలో మూట మోస్తూ నడిచే మనిషికి రోజుకు నాలుగు వేల కేలరీల దాకా పట్టొచ్చు. తెలుగు వంటింట్లో దీనికి సరిపడా సరుకు ఎప్పుడూ ఉంది. సంక్రాంతికి చేసిన నువ్వుండలు, సున్నుండలు, పల్లీ చిక్కీ కొవ్వుకు కొవ్వు, బెల్లానికి బెల్లం. చిక్కల్లా సున్నుండలోని నెయ్యి రాయిలా గట్టిపడటం. వీపు మీది సంచిలో డబ్బా నిండా ఉండి ఏం లాభం, పన్ను దిగదు. వాటిని ఇంట్లోనే గోళీలంత చేసి, చిన్న కవర్లో పోసి, జాకెట్ లోపలి జేబులో ఒంటి వేడికి దగ్గరగా పెట్టుకుంటే నడుస్తూనే తినొచ్చు.

పులిహోర సంగతి మాట్లాడుకోకపోవడమే మంచిది. మధ్యాహ్నం మూత తీసేసరికి మెతుకు మెతుకూ గడ్డకట్టి ఉంటుంది. ప్రయాణమంటే పులిహోరే అన్న అలవాటు రైలు దాకే. దానికన్నా ఇంట్లో రవ్వ వేయించి, పోపు, ఎండిన కరివేపాకు, ఉప్పు కలిపి పొట్లాలు కట్టుకెళ్తే టెంటు దగ్గర మరిగిన నీళ్లు పోసి, మూతపెట్టి, టోపీలో చుట్టి పది నిమిషాలుంచితే ఉప్మా తయారు. పడుకునే ముందు నెయ్యి ఎక్కువగా వేసుకుని తినడం ఇక్కడ తిండిపోతుతనం కాదు. కొవ్వు నెమ్మదిగా అరుగుతూ రాత్రంతా ఒంటికి కట్టెలందిస్తుంది. ఫ్లాస్కులో అల్లం టీ ఉంటే మంచిదే. మందు మాత్రం వద్దు. చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేసి, వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తూనే లోపలి వేడిని బయటికి తోలేస్తుంది.

గిన్నెలో మంచు

డిసెంబరు చివర్లో సియాటిల్ అక్షాంశం మీద పగలు ఎనిమిదిన్నర గంటలే. జనవరి మధ్యలో కూడా సాయంత్రం ఐదు కాకుండానే సూర్యుడు గుంకుతాడు. అడవిలో అంతకు ముందే మసకబారుతుంది. కాబట్టి రెండింటికల్లా నడక ఆపి చోటు చూసుకోవాలి. ప్యారడైజ్ ప్రాంతంలో నేల మీద ఐదడుగుల మంచు ఉంటే తప్ప టెంటు వేయనివ్వరు. కింద మొక్కలు నలగకుండా ఉండాలని ఈ నియమం. మౌంట్ రెయినియర్ నేషనల్ పార్కు అనుమతి పత్రం తీసుకోవాలి. మంచు తీసిన రోడ్లకు 300 అడుగుల దూరంలో ఉండాలి. చలిమంట వేయకూడదు.

చోటు దొరకగానే టెంటు విప్పేవాళ్లు తప్పు చేస్తున్నట్టే. స్నోషూలతోనే అటూ ఇటూ తొక్కి, టెంటు కంటే కాస్త వెడల్పుగా చదును చేయాలి. ఆ తర్వాత కనీసం అరగంట వదిలేయాలి. తొక్కిన మంచులోని రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గచ్చులా బిగుస్తాయి. తొందరపడితే రాత్రి మోకాలు ఆనించిన చోటల్లా గుంట పడుతుంది, తెల్లారేసరికి అది గడ్డకట్టి నడుం కింద రాయవుతుంది. మామూలు మేకులు మంచులో నిలవవు. చిన్న గుడ్డసంచిలో మంచు నింపి, తాడు కట్టి, అడుగు లోతున పాతిపెట్టి పైన తొక్కితే పొద్దున పారతో తవ్వితే గానీ రాదు. తలెత్తి చూసుకోవడం మరవకూడదు. కొమ్మల మీద పేరుకున్న మంచు గానీ, ఎండిన చెట్టు గానీ టెంటు మీదికి వాలి ఉండకూడదు.

ఇక నీళ్లు. చుట్టూ 15 అడుగుల లోతు నీరు తెల్లగా పరుచుకుని ఉన్నా తాగడానికి గుక్కెడు ఉండదు. కరిగించాలి. ఒక కిలో మంచుగడ్డను సున్నా దగ్గర నీళ్లుగా మార్చడానికి పట్టే వేడి, అదే కిలో నీళ్లను సున్నా నుంచి 80 డిగ్రీలకు తేవడానికి పట్టే వేడీ ఒకటే. అంటే ఇంధనంలో దాదాపు సగం కరిగించడానికే పోతుంది. తాజా మంచులో తొమ్మిది వంతులు గాలే కాబట్టి పది లీటర్ల మంచు పోస్తే లీటరు నీళ్లొస్తాయి. ఇద్దరికి రాత్రి వంటకూ, మర్నాటి దారికీ కలిపి ఆరేడు లీటర్లు. స్టవ్ ముందు గంటన్నర కూర్చోవడానికి సిద్ధపడాలి.

గిన్నెలో మంచు కుక్కి మంట పెట్టగానే అడుగున కాస్త కరుగుతుంది. ఆ కరిగిన నీటిని పైనున్న మంచు పైకి పీల్చేసుకుంటుంది. గిన్నె అడుగు ఎండిపోతుంది. రెండు నిమిషాల్లో కమురు వాసన. ఆ నీళ్లతో కాచిన టీ కూడా మాడు వాసనే. సీసాలో మిగిలిన నీళ్లు అరగ్లాసు ముందే గిన్నెలో పోసి, వేడెక్కాక గుప్పెడు గుప్పెడు మంచు వేస్తూ కలుపుతుంటే ఈ బాధ ఉండదు. అందుకే దారిలో ఎంత దాహమేసినా ఆఖరి అరగ్లాసు తాగేయకూడదు. మంచు తెచ్చుకునే దిక్కు ఒకటి, ఒంటికి వెళ్లే దిక్కు ఇంకొకటి అని రాగానే గీత గీసుకోవాలి. చీకట్లో అందరికీ అన్నీ తెల్లగానే కనిపిస్తాయి. మలాన్ని సంచిలో కట్టి వెంట తెచ్చుకోవడం పార్కు నియమం, ఆ సంచులు వాళ్లే ఇస్తారు.

చిన్న గ్యాస్ డబ్బాల స్టవ్‌లకు ఈ చలిలో ఊపిరి ఆడదు. బ్యూటేన్ మైనస్ అర డిగ్రీ దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తాయి. డబ్బా మీద ఏ మిశ్రమం ఉందో చదివి కొనాలి. రాత్రి డబ్బాను స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుంటే పొద్దున త్వరగా అంటుకుంటుంది. స్టవ్ కింద చిన్న చెక్క పలక ఉండాలి, లేదంటే తన వేడికి తానే మంచులో కూరుకుపోతుంది. ఎంత గాలి వీస్తున్నా మూసిన టెంటులో వెలిగించకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రొస్తున్నట్టు ఉంటుంది, అంతే.

రాత్రి గురించి చెప్పుకోవాల్సింది కొంచెమే. చలి పైనుంచి కంటే కిందినుంచి ఎక్కువ వస్తుంది. ఒంటి బరువుకు స్లీపింగ్ బ్యాగ్ అడుగుభాగం అణిగిపోతుంది కాబట్టి వెచ్చదనమంతా కింద పరిచే చాపదే. చాపల మీద ఆర్-వాల్యూ అనే అంకె ఉంటుంది, మంచు మీదకు 5 దాటాలి. రెండు చాపలు పరిస్తే రెండంకెలూ కలుస్తాయి. అందుకే ఫోమ్ చాప మీద గాలి చాప వేస్తారు. స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. చలికి త్వరగా వణికేవాళ్లు ‘కంఫర్ట్’ అన్నదే చూడాలి, ‘లిమిట్’ అన్నది ముడుచుకుని ఓర్చుకునేవాళ్ల లెక్క. మరిగించిన నీళ్లు గట్టి సీసాలో పోసి, మూత బిగించి, సాక్సు తొడిగి తొడల మధ్య పెట్టుకుంటే చాలాసేపు కాస్తుంది. మిగతా సీసాలు తలకిందులుగా నిలబెట్టాలి. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి గనక మూత వైపు కరిగే ఉంటుంది. ముసుగుతన్ని బ్యాగ్‌లోకే ఊపిరి వదిలితే లోపలంతా చెమ్మ. టెంటు కిటికీ కాస్త తెరిచి, ముక్కు బయటపెట్టి పడుకోవాలి. అర్ధరాత్రి మెలకువ వస్తే తెల్లారేదాకా బిగపట్టుకోవడం శుద్ధ దండగ. వెళ్లొస్తేనే నిద్ర పడుతుంది.

తెలిసిన వాలు

చలి కంటే పెద్ద ప్రమాదం వాలు. మంచు పొరలు పలకల్లా విరిగి జారేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలుల మీద. మంచుచరియల కింద ప్రాణాలు పోయిన ఘటనల్లో పదింట తొమ్మిదింటిలో ఆ చరియను కదిలించింది ఆ మనిషో, అతని బృందంలోనివాళ్లో. కూరుకుపోయినవాళ్లు బతికే అవకాశం మొదటి పది, పదిహేను నిమిషాల తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. బయటినుంచి రక్షణ బృందం వచ్చే వ్యవధి కాదది. అందుకే అలాంటి చోట్లకు వెళ్లేవాళ్లు ప్రతి ఒక్కరూ సిగ్నల్ పంపే ట్రాన్సీవర్, పొడవాటి ప్రోబ్ కర్ర, పార తప్పకుండా పెట్టుకుంటారు, వాడటం ముందే నేర్చుకుంటారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇంకా సులువైన మార్గం, ఆ వాలుల మీదికీ వాటి కిందికీ పోకపోవడం.

సియాటిల్‌లోని నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ చలికాలమంతా రోజూ హెచ్చరిక స్థాయి ప్రకటిస్తుంది. 1 నుంచి 5 దాకా ఉంటుంది. నాలుగు, ఐదు అని చూసి జనం ఎలాగూ ఇంట్లో ఉంటారు. మూడు అంటే మధ్యస్థం కదా అని బయల్దేరతారు. ఎక్కువ మరణాలు ఆ మూడో స్థాయి రోజుల్లోనే.

ఇయాన్ మెక్‌కామన్ అనే పరిశోధకుడు 1972 నుంచి 2003 దాకా అమెరికాలో జరిగిన 715 మంచుచరియ ప్రమాదాలను ఒక్కొక్కటిగా తీసి చూశాడు. ఆయనకు కనిపించింది మంచు గుణం కంటే మనిషి గుణమే. చాలాచోట్ల ప్రమాద సూచనలు కళ్లెదుటే ఉన్నాయి. అయినా వెళ్లారు. తెలిసిన వాలు కదా అన్న ధీమా, ఇంతదూరం వచ్చి తిరిగెళ్లడమా అన్న పట్టుదల, పక్కవాళ్ల దగ్గర పలచనైపోతామన్న బెరుకు, అనుభవజ్ఞుడు పక్కనున్నాడులే అన్న నమ్మకం, మనకంటే ముందు ఇంకో బృందం వెళ్లిపోతుందేమోనన్న ఆత్రం. మంచుచరియల శిక్షణ పొందినవాళ్లు కూడా తెలిసిన వాలు మీదికి వచ్చేసరికి ఎక్కువ సాహసం చేశారన్నది అందులో అన్నిటికన్నా కలవరపెట్టే సంగతి. చదువు ఉంది. కానీ ఆ క్షణాన చదువుతో పని లేదనిపించింది.

అనుభవజ్ఞుడికీ కాలు జారుతుంది. 2012లో ఇదే మార్టిన్ లూథర్ కింగ్ వారాంతంలో ప్యారడైజ్ దగ్గర ఓ స్నోషూ బృందాన్ని నడిపిస్తున్న అరవై దాటిన పెద్దాయన ఒకాయన నిటారు వాలులో కిందికి జారిపోయాడు. రేడియోలో మాట్లాడాడు. బాగానే ఉన్నాను, చుట్టూ తిరిగొచ్చి కలుస్తానన్నాడు. కలవలేదు. దారి తప్పి, తుపానులో రెండు రాత్రులు బయటే గడిపాడు. దగ్గరున్న నిప్పు సరంజామాతో పుల్లలు, ఆకులు, సాక్సులు, టూత్‌బ్రష్, ఆఖరికి జేబులోని డాలర్ నోట్లు కూడా కాల్చి వెచ్చదనం చేసుకున్నాడు. సోమవారం వెతుకులాట బృందానికి సజీవంగా దొరికాడు. అదే తుపానులో కొండ పైభాగానికి వెళ్లిన మరో నలుగురు, ఇద్దరు పర్వతారోహకులు, ఇద్దరు క్యాంపు చేయడానికి వెళ్లినవాళ్లు, ప్రాణాలతో రాలేదు.

నిప్పు రాజేసుకునే సరంజామా ఆయన సంచిలో ఉండటం కాకతాళీయం కాదు. 1906లో సియాటిల్‌లో పుట్టిన ‘ది మౌంటెనీర్స్’ సంఘం కొండకు వెళ్లేవాళ్ల దగ్గర ఎప్పుడూ ఉండాల్సిన పది వస్తువుల జాబితాను తన శిక్షణ తరగతుల్లో 1930ల నుంచే చెబుతోంది. 1974లో తన పుస్తకంలో అచ్చేసింది. మ్యాపు, దిక్సూచి, తల దీపం, అదనపు తిండి, అదనపు బట్టలు, నల్ల కళ్లద్దాలు, ప్రథమ చికిత్స పెట్టె, కత్తి, అగ్గిపెట్టె, నిప్పు రాజేసే వస్తువు. ఒక్క రోజు షికారుకు ఇవన్నీ ఎందుకని అందరికీ అనిపిస్తుంది. ఆ పెద్దాయన వెళ్లింది కూడా ఒక్క రోజు షికారుకే.

చెట్ల విషయంలో ఒక్క మాట. ఫర్ చెట్ల కింది కొమ్మలు గొడుగులా మంచును ఆపడం వల్ల మొదలు చుట్టూ వదులు మంచుతో కప్పిన గొయ్యి ఏర్పడుతుంది. పైకి కనపడదు. తలకిందులుగా అందులో పడితే సొంతంగా బయటికి రావడం దాదాపు అసాధ్యం. పెద్ద చెట్టు మొదలుకు దూరంగా నడవాలి, ఎప్పుడూ ఒకరికి ఒకరు కనిపించేంత దగ్గరలో ఉండాలి.

వెనక్కి తిరిగే వేళను కూడా ఇంట్లోనే కాగితం మీద రాసుకోవాలి. మధ్యాహ్నం పన్నెండున్నర అని రాసుకుంటే, చెరువు రెండొందల గజాల్లో కనిపిస్తున్నా పన్నెండున్నరకే తిరగాలి. ఆ రాసిన వేళను సాగదీద్దామన్న మాట ఎవరి నోట వచ్చినా, మిగతావాళ్లలో ఒక్కరు కాదంటే కాదనే. ఇక్కడ మెజారిటీ లెక్క పనికిరాదు.

మొదటి రాత్రి కోసం దూరం పోనక్కర్లేదు. నియమం ప్రకారం రోడ్డుకు 300 అడుగులు దాటితే చాలు, కారు దాదాపు కనుచూపు మేరలోనే ఉంటుంది. చలి భరించలేకపోతే రాత్రి రెండింటికైనా లేచి కార్లోకి వచ్చేయొచ్చు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి, ఆ కారులో కొండ దిగి ఇంటికి పోలేరు. కొండ దిగే దారిలో లాంగ్‌మైర్ అనే చోట ఉన్న గేటును రాత్రిళ్లు మూసేస్తారు. పొద్దున మంచు ఊడ్చే యంత్రాలు పని ముగించాకే తెరుస్తారు, వాతావరణం బాగాలేకపోతే ఆ పూటకు తెరవకపోనూ వచ్చు. కొన్ని చలికాలాల్లో వారంలో అన్ని రోజులూ తెరవలేదు కూడా. బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైటులో చూసుకోవాలి. కాబట్టి కారు కూడా క్యాంపులో భాగమే. ఫుల్ ట్యాంకు పెట్రోలు, ఒక దుప్పటి, రెండు సీసాల నీళ్లు, పొడి సాక్సులు, ఒక పార అందులో ఉండాలి. నవంబరు 1 నుంచి మే 1 దాకా ప్రతి బండిలోనూ టైరు గొలుసులు ఉండాలన్నది పార్కు నియమం. ఫోర్ వీల్ డ్రైవ్ ఉందన్నా ఒప్పుకోరు. వాటిని బిగించడం ఇంటి ముందు పొడి నేల మీద ఒకసారి నేర్చుకుని వెళ్లాలి. ఇంజన్ వేసి హీటరు పెట్టుకునే ముందు దిగి వెనక్కి వెళ్లి, సైలెన్సర్ గొట్టం చుట్టూ పేరుకున్న మంచును పారతో తీసేయాలి.